లోతు అన్న గడి

చౌడేశ్వరిని ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. మూడేళ్ళుగా నా షాపులో పనిచేస్తోంది, మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. బిల్లు సగం రాసి లేస్తుంది. కేబుల్ కొలుస్తూ కొలుస్తూ ఫోను చూసుకుని, లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి కొలుస్తుంది. అన్నం తింటూ కాలు ఊపుతుంది. "కాలు ఊపొద్దే, ఇంటికి అరిష్టం" అంటే, "మా ఇంటికి ఇంగేం అరిష్టం మిగిలుండాదక్కా" అని నవ్వుతుంది. ఇలాంటిదానికి ఏం చెబుతాం?

నా పేరు లలితమ్మ. గుత్తి బస్టాండు వెనక బోరు మోటార్లు, పైపులు అమ్మే షాపు నాది. మా ఆయన పోయినప్పుడు "ఆడమనిషి మోటార్లేం అమ్ముతుంది" అన్న పెద్దమనుషులే ఇవాళ మోటారు కాలితే ముందు నాకు ఫోన్ చేస్తారు. నేను నోటిదురుసు మనిషిని. ఉన్నమాట అనేస్తాను, అక్కర్లేని మాట కూడా అనేస్తాను. ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో సగం తప్పు నా నోటిదే.

చౌడేశ్వరిది పత్తికొండ దోవలో ఉండే పల్లె. అనంతపురంలో స్టాటిస్టిక్సుతో డిగ్రీ చేసింది. ఇరవైమూడేళ్ళు. వాళ్ళ నాయన చౌడప్పకు నాలుగెకరాల మెట్ట, యాభై అరవై గొర్రెలు. ఆ నాలుగెకరాల్లో ఆయన ఐదు బోర్లు వేయించాడు. ఐదూ ఎండినవే. ఐదోది కూడా దుమ్ము కక్కినరోజు వాళ్ళమ్మ రామాంజినమ్మ గొర్రెల దొడ్డి ముందు కూర్చుని, "ఇంగో బోరు మాట ఎత్తితే గొర్లతో పాటు నన్ను కూడా సంతకు తోలుకో" అన్నదట. ఆ దెబ్బకు నాలుగేళ్ళుగా చౌడప్ప నోట బోరు మాట రాలేదు. శెనక్కాయ ఒక ఏడు పండితే మూడేళ్ళు పండదు, ఆ ఇంటికి కూడు పెట్టేది గొర్రెలే. చౌడేశ్వరి డిగ్రీ కూడా గొర్రెల పుణ్యమే.

పోయిన జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒక పోటీ పెట్టినారు. కంప్యూటర్లో. ఎవరైనా చేరొచ్చంట. రోజూ అన్నం పొద్దులో మన షాపు కంప్యూటర్ కొంచెం వాడుకుంటా."

"ఏం పోటీ? పాటలదా?"

"బోర్లది."

బోర్లకు పోటీ ఏమిటని నేను నవ్వాను. విషయం చెప్పింది. ఎవరో ఒక సంస్థవాళ్ళు మూడు నాలుగు జిల్లాల్లో వేసిన ఇరవైవేల బోర్ల వివరాలు ఒక పట్టికగా ఇచ్చారు. ఏ ఊరు, ఏ నెల, ఆ ఏడు వాన ఎంత, రాయి ఏ రకం, ఎంత లోతు పోయారు, చివరి గడిలో నీళ్ళు పడ్డాయా లేదా. ఇంకో ఐదువేల బోర్లకు అన్నీ ఇచ్చి ఆ చివరి గడి మాత్రం దాచిపెట్టారు. మొదటి పట్టిక చూపించి కంప్యూటరుకు నేర్పించాలి, అది రెండో పట్టికలో దాచినదాన్ని చెప్పాలి. జవాబులు పంపిన నిమిషంలో నీ స్థానం ఎంతో తెరమీద పడుతుంది. రోజుకు ఐదుసార్లే పంపొచ్చు. కొత్తవాళ్ళ విభాగంలో మొదటి పదిమందిని బెంగళూరులో ఉద్యోగానికి పిలుస్తారు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాను. అన్నాను గానీ కంప్యూటరు ఇచ్చాను.

మొదటిసారి పంపినప్పుడు చేరినవాళ్ళు పధ్నాలుగు వందల పన్నెండు మంది. మనమ్మాయిది పధ్నాలుగు వందల ఐదో స్థానం. జవాబుల వరసలు తారుమారయ్యాయట, ఒకరి బోరు జవాబు ఇంకొకరి బోరుకు పోయింది. అది సరిచేసుకుని మళ్ళీ పంపితే వెయ్యిన్నూట ఇరవై. ఆ స్థానాల పట్టీలో తొమ్మిది వందల చిల్లర దగ్గర సంస్థవాళ్ళే పెట్టిన ఒక నమూనా ఉంది. అందులో ఐదువేల బోర్లకూ ఒకటే జవాబు, ఎండిపోయింది అని.

నేను పగలబడి నవ్వాను. "ఒసేయ్, కళ్ళు మూసుకుని అన్నీ ఎండినాయని రాసినోడు కూడా నీకంటే ముందుండాడు గదే! ఆ మాత్రం మన ఊర్లో గొర్లకాపర్లు కూడా చెప్తారు."

ఆ నవ్వు దానికి ఎక్కడ తగిలిందో, ఆరోజు నుంచి కాలు కాలిన పిల్లిలా తయారైంది. ఆషాఢం గాలికి షట్టరు గడగడలాడుతుంటే అటూ ఇటూ తిరుగుతుంది, కూర్చుంటుంది, ఏదో కొడుతుంది, పంపుతుంది, గోళ్ళు కొరుక్కుంటూ తెర చూస్తుంది. పదిమంది దాటితే ఎగిరి గంతేస్తుంది. ఇరవైమంది దాన్ని దాటిపోతే అన్నం వదిలేస్తుంది. ఫోనులో ఎవరో పాఠాలు చెబుతుంటే మోటారు డబ్బా మీద కూర్చుని రాసుకుంటుంది. అడ్డమైన మబ్బులూ వచ్చి పోతున్నాయి, చుక్క రాలడం లేదు, షాపులో బేరాల్లేవు, నాకూ ఒంటికాలిమీద ఉన్నట్టే ఉంది. "నీ తిరుగుడు చూసి నాకు తల తిరుగుతాండాది, కూర్చో" అని రోజుకు పదిసార్లు అరిచేదాన్ని.

నెల తిరిగేసరికి నాలుగు వందల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఎంత కొట్టుకున్నా అక్కడే. ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వాన చూసినా, రాయి చూసినా, చుట్టుపక్కల బోర్లు చూసినా. నాకు తెలిసింది ఇంగేమీ లేదక్కా."

అప్పుడు నేను, ఊరికే ఓదార్పుగా, నోరు విప్పాను. "నువ్వు చూడాల్సింది రాయి కాదే, మనిషిని. బోరు ఎప్పుడు ఆపుతారు చెప్పు? నీళ్ళు పడితే ఇంగో పదడుగులు అటూఇటూ పోయి ఆపేస్తారు. నాలుగునూర్ల ఎనభైమూడో, ఐదునూర్ల అరవైరెండో, యాడ పడితే ఆడ. మోటారు కొనేదానికి వచ్చి లోతు చెప్పేటోళ్ళెవరైనా సున్నాలతో ముగిసే నున్నంకె చెప్పినారా నీకు? అదే ఎండిన బోరైతే, ఇంగో యాభై ఎయ్యప్పా, ఇంగో నూరెయ్యప్పా అని బతిమాలి, చివరికి ఐదునూర్లకో, ఆరునూర్లకో, ఏడునూర్లకో చేతులెత్తేస్తారు. ధైర్యం అయిపోయేది ఎప్పుడూ నున్నంకె దగ్గరే."

ఆ పిల్ల ఏడుపు ఆపి నా మొహం చూసింది. పోయి కంప్యూటరు ముందు కూర్చుంది. పట్టికలో కొత్త గడి ఒకటి చేర్చింది, లోతు నున్నంకెనా కాదా అని. ఆ మధ్యాహ్నం పంపితే ముప్పై ఒకటి. ఇంకా సవరించి పంపితే వారానికి తొమ్మిది.

తొమ్మిది! పధ్నాలుగు వందల మందిలో! ఇంజినీర్లు, పట్నాలవాళ్ళు అందరూ వెనక. "ఏసీ గదుల్లో కూచున్నోళ్ళకి ఇది యాడ తెలుస్తాదక్కా" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నేనూ తిరిగాను, దాచడం ఎందుకు. మోటార్లు అమ్మే నా బుర్ర కంప్యూటరుకు పనికొచ్చిందంటే గర్వం కాదా?

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వారం పైపులకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. శనివారం చౌడప్ప గుత్తికి వస్తే ఆయనకూ చెప్పాను. "ఏమప్పా చౌడప్పన్నా, నీ కూతురి మిషను నూటికి తొంభైకి పైన సరిగ్గా చెప్తాండాది, యాడ నీళ్ళుండాయో యాడ లేవో." అన్న తర్వాత ఆయన మొహం చూశాను. నాలుగేళ్ళుగా ఆరిపోయి ఉన్న మొహం. టీ చల్లారిపోయినా తాగలేదు. "నూటికి తొంభయ్యా" అని రెండుసార్లు అడిగి వెళ్ళిపోయాడు.

మంగళవారం తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి షాపుకు వచ్చారు. చౌడేశ్వరి మొహంలో నెత్తురు లేదు. సంగతేమిటంటే, చౌడప్ప ఆదివారమే నీళ్ళ పాయింటు పెట్టే మనిషిని పిలిచి, అరచేతిలో టెంకాయ నిలబెట్టి పొలమంతా నడిపించి చోటు గుర్తు పెట్టించాడు. శుక్రవారం బోరుబండి వస్తుంది. ఆ ఖర్చుకోసం గురువారం గొర్రెల వ్యాపారి వస్తాడు, మొత్తం మందను ఎత్తుకుపోతాడు.

"మొత్తమా?" అన్నాను.

"పిల్లలతో సహా" అన్నాడు చౌడప్ప. "ఇంట్లో రామాంజినమ్మ కూడా ఒప్పుకున్నాది లలితమ్మా. టెంకాయని నమ్మినా, పుల్లని నమ్మినా, ఐదుసార్లు మోసపోయినా. కన్నకూతురి లెక్కని నమ్మొద్దా? ఊరికే ఒకసారి మిషన్లో చూసి చెప్పమంటే రెండు దినాలుగా ఇదో అదో అంటాండాది."

"ఇంగా చూసుకోవాల నాయనా" అంది చౌడేశ్వరి. దుపట్టా అంచు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

"చూడు మరి. మేం కూచుంటాం."

కూర్చుంది. ఊరి పేరు కొట్టింది, నెల కొట్టింది, వాన కొట్టింది, నల్లరాయి అని కొట్టింది. తర్వాతి గడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమైంది?" అన్నాను.

"లోతు అడుగుతాండాది."

"నీళ్ళు పడేదాకా పోతా" అన్నాడు చౌడప్ప వెంటనే.

"అట్ల రాసేదానికి లేదు నాయనా. అంకె కావాల."

ఆరునూర్లు వెయ్యమన్నాడు. వేసింది. నీళ్ళు పడే అవకాశం నూటికి నాలుగు అని వచ్చింది. చౌడప్ప భుజాలు జారిపోయాయి. ఆయన్ను అలా చూడలేక కాబోలు, పిల్ల గబగబా అంకె మార్చింది. ఆరు వందల పదమూడు. నూటికి తొంభైఆరు. ఏడు వందలు కొట్టింది. మూడు. ఏడు వందల రెండు కొట్టింది. తొంభై. కుర్చీలోంచి లేచి గోడదాకా పోయింది, తిరిగొచ్చింది, కూర్చోలేదు.

నాకు అప్పుడు అర్థమైంది.  అది నీళ్ళు చూడటంలేదు. నున్నంకెను చూస్తోంది. వేసేసిన బోరు గురించి అడిగితే ఎంతైనా చెబుతుంది, ఎందుకంటే మనిషి ఎక్కడ ఆగాడో దానికి ముందే చెప్పేశాం. ఇంకా వెయ్యని బోరు గురించి దానికేం తెలుసు? టెంకాయకు తెలిసినంత కూడా తెలియదు. ఆ గడి పెట్టించింది నేను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

చౌడప్ప మాత్రం వెలిగిపోతున్నాడు. "ఆరునూర్ల పదమూడుకు పొమ్మంటాండాది గదా! అంతే పోదాం. బోరుబండి ఆయప్పకి చెప్తా, ఒక్కడుగు తగ్గకుండా."

"కాదు నాయనా, అది తప్పు." పిల్ల తెరకు అడ్డంగా నిలబడింది. మొత్తం చెప్పింది. ఎండిన బోర్లు నున్నంకె దగ్గర ఆగుతాయనీ, మిషను అదొక్కటే పట్టుకుందనీ, నీళ్ళ సంగతి దానికి తెలియదనీ.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "నీకు భయం పాపా" అన్నాడు. "గొర్లు పోతాయని భయం. నేనుండా గదా."

అప్పుడు చౌడేశ్వరి ఒక పని చేసింది. తెలివైన పనే అనుకుంది, నేనూ అనుకున్నాను. "మన ఐదో బోరు ఎంత పోయినావు నాయనా? ఏడునూర్లు గదా?" అని ఆ వివరాలన్నీ కొట్టింది. నూటికి మూడు. "చూడు, ఎండినాదని సరిగ్గా చెప్పింది. ఇప్పుడు చూడు." అంకె ఒక్కటి మార్చింది. ఏడు వందల ఏడు. నూటికి తొంభైనాలుగు. "అదే బోరు. అదే చేను. ఏడడుగులు కలిపితే నీళ్ళు పడతాయంటాండాది. ఇంత అబద్ధం యాడన్నా ఉంటాదా నాయనా?"

చౌడప్ప తెర దగ్గరికి వంగి ఆ అంకె మీద వేలు పెట్టాడు.  

"ఏడడుగులు" అన్నాడు చివరికి. "ఆ పొద్దు బండాయప్ప అడిగినాడమ్మా. ఇంగో కడ్డీ దింపుదామా అన్నా అని అడిగినాడు. మీ అమ్మ ఏడుస్తాంటే చూడలేక నేనే చాలనేసినా." చేత్తో మొహం కప్పుకున్నాడు. "ఏడంటే ఏడడుగులు. నేనే ఆపేసినా."

అరవైయేళ్ళ మనిషి నా షాపులో పైపుల కట్ట మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అబద్ధమని చూపించడానికి తెచ్చిన సాక్ష్యం ఆయనకు తన నేరానికి రుజువుగా కనిపించింది. పిల్ల ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి, "కాదు నాయనా, కాదు నాయనా" అంటోంది. ఎవరు వింటారు? నేను మంచినీళ్ళు తెచ్చాను. తాగలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని కూతుర్ని సూటిగా చూశాడు.

"అబద్ధమంటావు గదా. మరి ఆ పోటీలో తొమ్మిదో పేరు నీదే గదా?"

"నాదే."

"ఈ అబద్ధంతోనే గదా?"

పిల్ల తల దించుకుంది.

"మరి ఆడెందుకు పెట్టుకున్నావమ్మా? ఊరందరికీ నిజం, మీ నాయనకు మాత్రం అబద్ధమా? నాకు చదువు లేదు గానీ ఈ మాత్రం తెలుసు. అది ఆడుండేదాకా నేను నమ్ముతా, బండి వస్తాది."

 చౌడేశ్వరి లేచింది. కంప్యూటరు ముందు కూర్చుని, తను పంపిన జవాబుల పట్టీ తెరిచింది. దేనికదే వెనక్కి తీసుకునే గుర్తు ఉంది. ఒకసారి తీసుకుంటే మళ్ళీ ఎక్కించడానికి లేదని కింద రాసి ఉంది.

నేను ఊరుకోలేకపోయాను. "ఒసేయ్ పిచ్చిదానా, ఆగు! పోటీ రూలు ప్రకారం నువ్వు తప్పు చేయలేదు. ఇంగ ఐదు దినాలే ఉండాది. బెంగళూరు నుంచి పిలుస్తారు. మీ నాయనకు నేను చెప్తా, నాలుగు దినాలు పోతే ఆయనే..."

"గురువారం గొర్లు పోతాయక్కా" అంది నావైపు చూడకుండా.

నున్నంకె గడి చేర్చిన తర్వాత పంపినవి ముప్పైరెండు ఉన్నాయి. ఒక్కొక్కటీ నొక్కింది. ఒక్కొక్కదానికీ "ఖాయమేనా" అని అడిగింది ఆ మాయదారి కంప్యూటరు. చౌడప్ప వెనకే నిలబడి చూస్తున్నాడు. ఆయనకు చదవడం రాదు గానీ అంకెలు తెలుసు. తొమ్మిది కాస్తా పదకొండైంది, ఇరవై ఆరైంది, చివరిది నొక్కగానే నాలుగు వందల అరవైకి పడింది. పిల్ల చేతివేళ్ళు మౌసు మీద అలాగే ఉన్నాయి. ఏడవలేదు. నేనే మొహం తిప్పుకున్నాను. రెండు నెలల పాట్లు చూసినదాన్ని నేను.

"ఇంగ అడుగు నాయనా" అంది. "ఆ గడి తీసేసినాక మన చేను ఏమంటాదో చూపిస్తా." ఆరు వందలు కొట్టింది. పన్నెండు. ఆరు వందల పదమూడు కొట్టింది. పన్నెండు. "ఇదే నా మిషను చెప్పగలిగింది. నూటికి పన్నెండు. దీనికి కూడా నేను పూచీ పడలేను."

చౌడప్ప జేబులోంచి చిన్న ఫోను తీసి బయటికి వెళ్ళి మెట్టు మీద నిలబడ్డాడు. ముందు వ్యాపారికి చేశాడు. "రావద్దప్పా. అమ్మేది లేదు." అవతలివాడు ఏదో గట్టిగా అరుస్తున్నాడు. "తిట్టుకో" అని పెట్టేశాడు. తర్వాత బండాయనకు చేశాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు కొంచెం ఎక్కువసేపు పట్టింది.

నేను షట్టరు సగం దించి వాళ్ళతో పాటే బస్టాండుదాకా నడిచాను. ఒంటరిగా షాపులో కూర్చునే ధైర్యం లేకపోయింది. గాలి దుమ్ము లేపుతోంది. పత్తికొండ బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు. చౌడప్ప ఎక్కడం లేదు. ఒక కాలు మెట్టు మీద పెట్టి మళ్ళీ దించాడు.

"పాపా."

"ఏం నాయనా?"

"ఆ ఏడడుగులు..." ఆగాడు. కండక్టరు అరుస్తున్నాడు. "ఆడ నీళ్ళు లేవు గదా? నేను ఆపింది తప్పు కాదు గదా?"

 దానికి జవాబు ఎవరికి తెలుసు? ఆ బోరు అడుగున ఏడడుగులకు ఏముందో ఎవరూ తవ్వి చూడలేదు. నీళ్ళు ఉండొచ్చు, లేకపోవచ్చు. చదువుకున్న పిల్ల, లెక్క లేకుండా ఒక్కమాట కూడా గట్టిగా చెప్పని పిల్ల. నేను దాని మొహం చూస్తున్నాను, ఏం చెబుతుందా అని.

చౌడేశ్వరి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"లేవు నాయనా" అంది. "ఏడు కాదు, ఇంగో నూరు పోయినా లేవు. నువ్వు ఆపిందే మేలు."

"ఖాయమా?"

"ఖాయం."

చౌడప్ప గట్టిగా ఊపిరి వదిలి, కూతురి తలమీద చెయ్యి వేసి, బస్సు ఎక్కాడు.